తేలికదనానికి సన్నదనం ఎందుకు?

లాప్‌టాప్ కొనడానికి షాపుకి వెళ్ళినవాళ్ళు మొదట చేసే పని దాన్ని పక్కనుంచి చూడడం. ఎంత సన్నగా ఉంటే అంత కొత్తది, అంత మంచిది అనే నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. ఆ నమ్మకం మీద నాకు అనుమానం ఉంది. అలాగని రెండున్నర కిలోల యంత్రాన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. రోజూ మోసేవాళ్ళ కష్టం చిన్నదేమీ కాదు. రెండు వైపులా న్యాయం ఉన్న తగువు కాబట్టి ఇద్దరి నోట చెప్పిస్తున్నాను. అక్క సికింద్రాబాద్ నుంచి జనగామకు రోజూ రైల్లో వెళ్ళొచ్చే డిగ్రీ కాలేజీ లెక్చరర్. తమ్ముడికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో లాప్‌టాప్ రిపేరు షాపు ఉంది. అక్క కూతురు ఈ ఏడు బీకాంలో చేరింది. ఆ పిల్లకి ఏది కొనాలన్నదే తగువు. పెద్ద ఆటలు ఆడే యంత్రాలు, సినిమాలు ఎడిట్ చేసే యంత్రాలు ఇక్కడ లెక్కలోకి రావు. పాఠాలు, ఎక్సెల్ షీట్లు, మెయిళ్ళు, ఆన్‌లైన్ క్లాసులు, రాత్రి ఒక సినిమా, ఇంతే పని.

అక్క: ముందే చెబుతున్నాను తమ్ముడూ, కిలోంబావు దాటింది మా ఇంటికి తేవద్దు. నా పాత పదిహేను అంగుళాలది రెండు కిలోల మూడొందల గ్రాములు. ఛార్జరు ఇంకో అరకిలో. దానికి టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, దిద్దాల్సిన పేపర్ల కట్ట కలుపు. పొద్దున రైల్లో చాలాసార్లు భువనగిరి దాకా సీటు దొరకదు. బిందె చంకనెత్తుకున్నవాళ్ళకే నీళ్ళ బరువు తెలుస్తుంది. నువ్వు లాప్‌టాప్‌ని టేబుల్ మీద పెట్టుకుని విప్పుతావు. నేను భుజానికి తగిలించుకుని నిలబడతాను. నా పిల్ల రేపు మెట్రోలో నిలబడుతుంది.

తమ్ముడు: బరువు గురించి నేనేమీ అనను అక్కా. నువ్వు మొన్న ఫోన్లో చూపించిన మోడల్ చూసి భయపడ్డాను. మందం పన్నెండు మిల్లీమీటర్లు కూడా లేదు. అంత సన్నవాటిలో ర్యామ్ బోర్డుకే టంకం వేసి ఉంటుంది. బ్యాటరీ జిగురుతో అంటించి ఉంటుంది. కొన్నిట్లో కీబోర్డుని పై కవరుకి కలిపేసి రివెట్లు కొడతారు. కాస్త టీ ఒలికిందనుకో, కీబోర్డుతో పాటు ఆ పై భాగమంతా మార్చాలి. ధర వినగానే మనుషులు కౌంటర్ దగ్గరే కూలబడిపోతారు. 'కొని రెండేళ్ళేగా అయింది' అంటారు. వాళ్ళకి ఏం చెప్పను?

అక్క: నీ షాపులో కూర్చుంటే లోకంలో లాప్‌టాప్‌లన్నీ పాడైపోతున్నట్టే కనిపిస్తుంది. బాగా నడుస్తున్నది నీ మెట్లెక్కదు కదా. ఒకసారి మా స్టాఫ్ రూముకి రా. కామర్స్ మేడమ్ 2020 చివర్లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ వాడుతుంది. ఇప్పటిదాకా ఎవరిచేతా మూత విప్పించలేదు. ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు, పొద్దున ఛార్జింగ్ పెట్టుకొస్తే సాయంత్రం రైలెక్కేదాకా వస్తుంది. ఫిజిక్స్ సారుది విండోస్ అల్ట్రాబుక్. ఆయనకి ఒకటే కంప్లైంట్: మా కాలేజీ ప్రొజెక్టర్ పాత వీజీఏది, ఈ లాప్‌టాప్‌కి టైప్ సీ తప్ప ఇంకేం లేదు, అడాప్టర్ మర్చిపోయిన రోజు క్లాసు బోర్డు మీదే చెప్పాలి. మా లైబ్రేరియన్‌కి స్క్రీన్ చిన్నదని బాధ. మళ్ళీ పెద్దది కొంటారా అంటే ముగ్గురూ కొనమనే అంటారు.

తమ్ముడు: నడిచేవి నా దగ్గరికి రావు, ఒప్పుకున్నాను. బాగుకానివి కూడా రావని నువ్వు ఒప్పుకో. ఫోన్ చేసి అడుగుతారు, బోర్డు మార్చాలంటే పెట్టేస్తారు. ఆ లాప్‌టాప్ బీరువాలో బట్టల కిందకి పోతుంది. నీ స్టాఫ్ రూములో కనిపించేది మొదటి మూడు నాలుగేళ్ళు. నా పని ఆ తర్వాత మొదలవుతుంది.

మన ఇళ్ళలో లాప్‌టాప్ ఒక మనిషితో ఆగదక్కా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిన అన్న తన పాతది చెల్లెలికి ఇస్తాడు. చెల్లెలి చదువయ్యాక అది ఊళ్ళో నాన్న దగ్గరికి పోతుంది, మనవలతో వీడియో కాల్‌కి, ప్రవచనాలకి. ఆ రెండో మనిషి, మూడో మనిషి వచ్చేది నా దగ్గరికే. 'అన్నా, స్లో అయింది' అంటారు. అడుగు రేకు విప్పగానే ర్యామ్ స్లాట్ కనబడితే నాకు ప్రాణం లేచొస్తుంది. ఇంకో ఎనిమిది జీబీ వేసి, బ్యాటరీ మార్చి, ఫ్యాన్‌లో దుమ్ము తీసి, కొత్త థర్మల్ పేస్టు పూసి పంపితే ఇంకో మూడేళ్ళు నడుస్తుంది. స్లాట్ లేకపోతే దుమ్ము తీసి పంపడం తప్ప చేసేదేం లేదు.

చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టూ అమ్ముడయ్యే సెకండ్‌హ్యాండ్ సరుకు ఏదో చూడు. కంపెనీలు వాడి వదిలేసిన లాటిట్యూడ్‌లు, థింక్‌ప్యాడ్‌లు, ఎలీట్‌బుక్‌లు. ఇంజనీరింగ్ పిల్లలు వాటిని అందం చూసి కొనరు. ఏ భాగం పోయినా దొరుకుతుందని, మార్చడానికి వీలుంటుందని కొంటారు.

అక్క: ఎవరో మూడో మనిషి సుఖం కోసం మొదటి మనిషి నాలుగేళ్ళు భుజం నొప్పి పడాలా? నాన్నకి కావాలంటే నీ సెకండ్‌హ్యాండ్ థింక్‌ప్యాడే కొనిద్దాం. ఆయన దాన్ని మంచం పక్కనుంచి కదపడు. మోసే మనిషి యంత్రం వేరు, కదలని మనిషి యంత్రం వేరు. రెండిటికీ ఒకటే కొలత పెడితే ఎలా?

ఇక్కడ నేను అక్క పక్షం. తేలికైన లాప్‌టాప్ కావాలంటే దాన్ని సోకు కింద జమకట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. కారులో ఆఫీసుకి పోయి టేబుల్ మీద పెట్టుకునేవాళ్ళకి కిలో తేడా పెద్దగా తెలియదు. బస్సులో, రైల్లో, స్కూటీ ముందు కాళ్ళ దగ్గర బ్యాగు పెట్టుకుని పోయేవాళ్ళకి అది ప్రతిరోజూ తెలుస్తుంది. డబ్బున్నవాళ్ళకంటే నడిచేవాళ్ళకే తేలికదనం ఎక్కువ అవసరం. తేలికవాటి ధరలు మాత్రం వాళ్ళకి అందకుండానే చాలాకాలం గడిచింది.

అక్క: ఇంకోటి, సన్నబడడం వల్ల పోయినవే చెబుతున్నావు, వచ్చినవి చెప్పడం లేదు. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ శాన్‌ఫ్రాన్సిస్కో వేదిక మీద ఆఫీసు కవర్లోంచి మొదటి మ్యాక్‌బుక్ ఎయిర్ బయటికి తీశాడు. డీవీడీ డ్రైవ్ లేదు, యూఎస్‌బీ రంధ్రం ఒక్కటే ఉంది, ఇదేం లాప్‌టాప్ అన్నారు. ధర 1,799 డాలర్లు. ఇవాళ డీవీడీ అడిగేవాళ్ళెవరు? 2011లో ఇంటెల్ తైపేలో అల్ట్రాబుక్ అనే పేరు ప్రకటించి, 20 మిల్లీమీటర్ల లోపు మందం, వెయ్యి డాలర్ల లోపు ధర అని గీత గీసింది. ఆ గీత వల్ల విండోస్ కంపెనీలు బరువు తగ్గించడం మీద మరింత దృష్టి పెట్టాయి. తిరిగే హార్డ్ డిస్కు పోయి ఎస్‌ఎస్‌డీ వచ్చింది. నా పాత దాంట్లో డిస్కు రైలు కుదుపులకి భయపడుతూ తిరిగేది. ఇప్పుడు తిరిగేదే లేదు.

తమ్ముడు: డిస్కు పోయినందుకు నాకూ సంతోషమే. వంద గ్రాముల డబ్బా పోయి పది గ్రాములైనా లేని ముక్క వచ్చింది, పని పదింతలు వేగం. అది నిజమైన తేలికదనం, దేన్నీ పోగొట్టుకోకుండా వచ్చింది.

బ్యాటరీ కథ మాత్రం అలా కాదు. పాత లాప్‌టాప్ అడుగున గొళ్ళెం పక్కకి జరిపితే బ్యాటరీ ఊడి చేతిలోకి వచ్చేది. లోపల 18650 సెల్లులు ఉండేవి. పద్దెనిమిది మిల్లీమీటర్ల వ్యాసం, అరవై అయిదు పొడవు. పన్నెండు మిల్లీమీటర్ల డబ్బాలో పద్దెనిమిది మిల్లీమీటర్ల సెల్ ఎలా పడుతుంది? అందుకే రేకు సంచిలో పెట్టిన పలచటి సెల్లులు వచ్చాయి. గట్టి గొట్టంలో ఉన్న సెల్‌కి పాతబడినా రూపం మారదు. ఈ పలచటివి పాతబడితే, ఎండకి మగ్గితే, ఎప్పుడూ వందశాతం ఛార్జింగ్ మీదే ఉంటే ఉబ్బుతాయి. టచ్‌ప్యాడ్ క్లిక్ పడడం లేదని తెస్తారు. విప్పి చూస్తే కింద బ్యాటరీ పొంగి దాన్ని పైకి తోస్తూ ఉంటుంది. ఇంకా నాలుగు రోజులు వాడుకుని తెస్తానంటారు. వద్దు, ఇప్పుడే ఆపెయ్యండి, నొక్కకండి, పొడవకండి అని బతిమాలుకోవాల్సి వస్తుంది.

అక్క: ఆ పలచటి సెల్లుల వల్లే కదా పదేసి గంటలు వస్తున్నాయి. నీ గొళ్ళెం బ్యాటరీ మూడు గంటలు వస్తే గొప్ప. మధ్యాహ్నం కరెంటు పోతే మా కాలేజీలో జనరేటర్ ఆఫీసు గదికే. ఇప్పటి నా లాప్‌టాప్‌తో నేను మార్కుల ఎంట్రీ ఆపకుండా చేసుకోగలుగుతున్నాను. ఛార్జరు కూడా ఇంట్లోనే వదిలేసి వెళ్తున్నాను. బరువు లెక్కలో అదీ కలుపుకో.

తమ్ముడు: గంటలు పెరిగింది ముఖ్యంగా ప్రాసెసరు వల్ల. తక్కువ కరెంటు తాగే చిప్పులు వచ్చాయి, స్క్రీన్లు పొదుపు నేర్చుకున్నాయి. పలచటి సెల్ ఉన్న చోటంతా సర్దుకుంటుంది, అది నిజం. దాన్ని రెండు స్క్రూలతో బిగించొచ్చు కదా, జిగురెందుకు? నా కోపం జిగురు మీద. యూరప్‌లో చట్టం చేశారు: 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్ళే తీసి మార్చుకోగలగాలి. మన దగ్గర 2022 డిసెంబరులో వినియోగదారుల శాఖ రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. కంపెనీలు అందులో రిపేరు వివరాలు పెడతాయి. మంచిదే. వివరం చదివి నేనేం చేసుకోను అక్కా, అసలు విడిభాగం నాకు అమ్మాలి కదా. అసలుది దొరక్క నకిలీ బ్యాటరీ వేస్తే మళ్ళీ ఉబ్బేది అదే, మాట పడేది నేను.

అక్క: ఈ మాటకి నేను ఎదురు చెప్పను. ఆ తప్పు కంపెనీది, సన్నదనానిది కాదు. సన్నగా చేసి కూడా స్క్రూలు పెట్టొచ్చని నువ్వే అంటున్నావుగా?

తమ్ముడు: కొంతవరకు. ఫ్రేమ్‌వర్క్ అని ఒక అమెరికా కంపెనీ 2021లో చేసి చూపించింది. పదమూడు అంగుళాలది, 1.3 కిలోలు, పదహారు మిల్లీమీటర్ల లోపు మందం. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ, కీబోర్డు, ఆఖరికి పోర్టులు కూడా ఇంట్లోనే మార్చుకోవచ్చు. పదకొండు మిల్లీమీటర్లకి దిగాలంటే మాత్రం ఇదంతా వదులుకోవాల్సిందే. ర్యామ్ స్లాట్‌కీ ఎత్తు కావాలి, ఫ్యాన్‌కీ ఎత్తు కావాలి. మామూలు యూఎస్‌బీ రంధ్రమే నాలుగున్నర మిల్లీమీటర్లు, లాన్ తీగది అంతకు రెండింతల పైనే. టైప్ సీ 2.6. మూతా, అడుగు రేకూ పోను మిగిలిన చోటులో ఏం పడుతుందో నువ్వే లెక్కేసుకో. నీ ఫిజిక్స్ సారు అడాప్టర్ మోయడానికి కారణం ఇలాంటి కొన్ని మిల్లీమీటర్లే.

వేడి సంగతి చెప్పనీ. ప్రాసెసరు వేడెక్కితే రాగి గొట్టం ఆ వేడిని ఫ్యాన్ దగ్గరికి చేరుస్తుంది, ఫ్యాన్ బయటికి ఊదుతుంది. గొట్టం సన్నబడితే, ఫ్యాన్ రెక్కలు పొట్టివైతే వేడి త్వరగా పోదు. అప్పుడు చిప్పు తనంతట తనే నెమ్మదిస్తుంది. డబ్బా మీద ఒకే పేరున్న ప్రాసెసరు ఒకదాంట్లో 15 వాట్ల దగ్గర కుదురుకుంటే, కాస్త మందం ఉన్న ఇంకోదాంట్లో 28 వాట్ల దాకా లాగుతుంది. కొనేవాళ్ళు పేరే చూస్తారు. ఆపిల్ తన లాప్‌టాప్‌లు 10 నుంచి 35 డిగ్రీల గాలిలో వాడమని రాసుకుంది. మే నెలలో జనగామలో నీ స్టాఫ్ రూము ఎంతుంటుంది?

అక్క: నలభై దాటుతుంది. అయినా నడిచింది. నేను చేసేది మార్కుల షీట్లు, పాఠాల స్లైడ్లు. వాటికి చిప్పు ఒళ్ళు వంచాల్సిన పనే లేదు. ఫ్యాన్ లేని ఎయిర్ గంటసేపు వీడియో ఎడిట్ చేస్తే నెమ్మదిస్తుందని అందరూ అంటారు. గంటసేపు వీడియో ఎడిట్ చేసేదెవరు? ఎవరికో పనికిరాదని నాకు పనికొచ్చేదాన్ని తప్పుపట్టకు.

తమ్ముడు: ఈరోజు పనికి నీ మాటే రైటు. వేడి బ్యాటరీ ఆయుష్షుని కూడా తింటుంది, అది ఈరోజు కనబడదు. కనీసం ఎనభై శాతం దగ్గర ఛార్జింగ్ ఆగే సెట్టింగ్ పెట్టుకో. ఎండలో ఆపిన కారులో, స్కూటీ డిక్కీలో వదలకు.

అక్క: సరే, పెట్టుకుంటాను. ఇప్పుడు నువ్వు చెప్పు. ఇన్ని లెక్కలు చెప్పావు, రెండు కిలోలదే కొనమంటావా?

తమ్ముడు: అనలేదే! నువ్వు మొదటినుంచీ బరువు గురించి మాట్లాడుతున్నావు, నేను మందం గురించి మాట్లాడుతున్నాను. రెండూ ఒకటే అనుకుని కొట్టుకుంటున్నాం. 2008లో ఆ కవర్లోంచి తీసిన ఎయిర్ 1.36 కిలోలు. దాని మందం, ఎక్కువున్న చోట, 19.4 మిల్లీమీటర్లు. అంచు మాత్రం నాలుగు మిల్లీమీటర్లే, ఏటవాలుగా చెక్కారు. 2022లో వచ్చిన ఎం2 ఎయిర్ ఆసాంతం 11.3 మిల్లీమీటర్లు. పద్నాలుగేళ్ళలో మందంలో ఎనిమిది మిల్లీమీటర్లు తీశారు. బరువెంత తగ్గిందో తెలుసా? 1.24 కిలోలు. నూట ఇరవై గ్రాములు. ఒక యాపిల్ పండంత కూడా లేదు.

అక్క: అంతేనా?

తమ్ముడు: అంతే. దానికి పక్కన ఎల్‌జీ గ్రామ్ పెట్టు. 2019లో పదిహేడు అంగుళాలది తెచ్చారు. స్క్రీన్ అంత పెద్దది, బరువు 1.34 కిలోలు. మందం పద్దెనిమిది మిల్లీమీటర్ల దగ్గర. అందులో మామూలు యూఎస్‌బీ ఉంది, హెచ్‌డీఎంఐ ఉంది, 72 వాట్అవర్ల బ్యాటరీ ఉంది, ర్యామ్ పెంచుకోవడానికి స్లాట్ ఉంది, ఎస్‌ఎస్‌డీకి రెండు స్లాట్లున్నాయి. అంత తేలిగ్గా ఎలా వచ్చింది? అల్యూమినియం బదులు మెగ్నీషియం మిశ్రమం వాడారు. మెగ్నీషియం సాంద్రత అల్యూమినియంలో మూడింట రెండు వంతులే. థింక్‌ప్యాడ్ ఎక్స్1 కార్బన్ కూడా అంతే, పద్నాలుగు అంగుళాలకి 1.1 కిలోల దగ్గర ఉంటుంది, మందం పదిహేను మిల్లీమీటర్లు. లోపల ఖాళీ చోటుకి బరువు ఉండదక్కా. బరువంతా లోహంలో, అద్దంలో, బ్యాటరీలో ఉంటుంది.

అక్క: మరి పదకొండు మిల్లీమీటర్లని ప్రతి ప్రకటనలో ఎందుకు ఊదరగొడతారు?

తమ్ముడు: షోరూములో లాప్‌టాప్‌ని తాడుతో టేబుల్‌కి కట్టేసి పెడతారు. చేత్తో ఎత్తి చూస్తే తాడు లాగుతుంది, అసలు బరువు తెలియదు. బ్యాగులో వేసుకుని పది నిమిషాలు నడిచి చూడనివ్వరు. పక్కనుంచి అంచు మాత్రం బాగా కనబడుతుంది. కంటికి కనబడేదాన్నే అమ్ముతారు.

ఈ తగువులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన మాట తమ్ముడి నోట వచ్చింది. తేలికదనం మోసే మనిషికి రోజూ పనికొస్తుంది. బ్యాగులోకి వెళ్ళాక ఆ ఆరేడు మిల్లీమీటర్ల సన్నదనం ఎవరికీ కనబడదు, ఎవరి భుజానికీ తెలియదు. ఫ్యాన్, స్లాట్, పోర్టు, లోతైన కీ, వీటన్నిటినీ ఆ కొన్ని మిల్లీమీటర్ల కోసం వదులుకుంటున్నాం. బరువు తగ్గించడానికి ఇంజనీర్లు పడిన కష్టానికి నాకు గౌరవం ఉంది. మెగ్నీషియంని నమ్మి పదిహేడు అంగుళాల స్క్రీన్‌ని కిలోంబావుకి దగ్గరగా దించినవాళ్ళు మనకి మేలు చేశారు. అంచుని ఇంకా ఇంకా అరగదీసినవాళ్ళు అంత మేలు చేశారని నేను అనుకోవడం లేదు.

అక్క: మెగ్నీషియంది కొన్నవాళ్ళు మూత నొక్కితే వంగుతుందని, చేతిలో బరువు లేకపోతే ఖరీదైన వస్తువులా అనిపించదని అంటారు. అల్యూమినియం గట్టిగా, చల్లగా ఉంటుంది. మా కామర్స్ మేడమ్‌కి అదే ఇష్టం.

తమ్ముడు: వంగడం విరగడం కాదు. గట్టిగా ఉన్న అల్యూమినియం మూత కింద పడితే సొట్ట పడుతుంది, సొట్ట స్క్రీన్‌ని నొక్కుతుంది. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఈ రెండూ కాదు. తక్కువ ధరలో సన్నగా చేసిన ప్లాస్టిక్‌వి. వాటి హింజ్ పట్టుకునే స్క్రూ గుబ్బలు ప్లాస్టిక్‌లోనే పోత పోసి ఉంటాయి. హింజ్ బిగుసుకుంటుంది, మూత తెరిచినప్పుడల్లా ఆ గుబ్బ మీద బలం పడుతుంది, ఒకరోజు పటుక్కుమంటుంది. మనవాళ్ళు ఒక మూల పట్టుకుని తెరుస్తారు, అది ఇంకా చేటు. డబ్బు తక్కువుండి, సన్నదే కావాలని పట్టుబట్టినవాళ్ళకే ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది. నలభై వేలలో సన్నది కొనేకంటే ఆ డబ్బుతో కాస్త మందమున్నది కొంటే మేలు. లేదా మంచి కంపెనీ పాతది.

అక్క: కీబోర్డు సంగతి నేను చెబుతాను, అది నా రంగం. నేను తెలుగులో పాఠాలు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతిలో టైప్ చేస్తాను. ఒత్తక్షరాలకి, అచ్చులకి షిఫ్ట్ నొక్కాలి, వత్తులకి పొల్లు కొట్టి హల్లు కొట్టాలి. ఇంగ్లిష్ పేజీ కంటే తెలుగు పేజీకి వేళ్ళ పని ఎక్కువ. కీ కిందకి దిగినట్టు వేలికి తెలియాలి. 2015లో ఆపిల్ పన్నెండు అంగుళాల మ్యాక్‌బుక్ కోసం కొత్త కీ తెచ్చింది, అది అరమిల్లీమీటరు చుట్టుపక్కలే దిగేది. నలుసు పడితే ఆగిపోయేది, లేదా ఒకసారి కొడితే రెండుసార్లు పడేది. 2018లో ఉచితంగా బాగుచేసి ఇస్తామన్నారు, 2019 చివర్లో పాత పద్ధతికి తిరిగొచ్చారు. అమెరికాలో కోర్టుకెక్కినవాళ్ళతో 2022లో అయిదు కోట్ల డాలర్లకి రాజీ పడ్డారు. సన్నదనం కోసం టైప్ చేసేవాళ్ళని ఇబ్బంది పెట్టిన సంగతి అది ఒక్కటి చాలు. ఈ విషయంలో నేను నీ పక్కనే ఉన్నాను. ఇప్పటివి మిల్లీమీటరుకి తక్కువ కావు, కొన్ని ఒకటిన్నర దాకా దిగుతున్నాయి, అది నాకు సరిపోతుంది. కొనే ముందు షాపులో ఒక తెలుగు పేరా టైప్ చేసి చూడమని పిల్లకి చెప్పాను.

తమ్ముడు: మంచి పని. ఇక మిగిలింది ర్యామ్. నీకు చెప్పేది అదే చివరిది.

అక్క: దాని మీద నాకు నీతో పేచీ ఉంది. మా స్టాఫ్ రూములో ర్యామ్ మార్పించుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. పదహారు జీబీ ఉన్నది మొదటే కొనేస్తే స్లాట్ ఎందుకు?

తమ్ముడు: మొదటే కొనడానికి చేతిలో డబ్బున్నవాళ్ళ మాట అది. ఇవాళ ఎనిమిది, రెండేళ్ళకి ఉపకారవేతనం వచ్చాక ఇంకో ఎనిమిది అనుకునే పిల్లల సంగతేంటి? టంకం వేసిన ర్యామ్ వేగంగా ఉంటుంది, కరెంటు తక్కువ తాగుతుంది, అది నిజం. 2024లో వచ్చిన ఇంటెల్ లూనార్ లేక్ చిప్పుల్లో ర్యామ్ ప్రాసెసరు పక్కనే ఒకే ముక్కగా కూర్చుంది. పదహారో, ముప్ఫై రెండో, కొన్నప్పుడు ఏది కొంటే అదే ఆఖరు. ఆ రకం ర్యామ్‌ని కూడా ఊడదీసి మార్చుకునేలా చేసే పద్ధతి ఉంది. అదే ఏడాది థింక్‌ప్యాడ్ పీ1లో ఎల్‌పీ క్యామ్2 అని పలచటి మాడ్యూల్ పెట్టారు, మూడు స్క్రూలు తీస్తే చేతిలోకి వస్తుంది. చేయగలరు అక్కా. మనం అడగడం లేదు కాబట్టి చేయడం లేదు.

అక్క: అవి రోజువారీ లాప్‌టాప్‌లలోకి వచ్చేదాకా నా పిల్ల డిగ్రీ ఆగదు. నేను పదహారు జీబీది తీసుకుంటాను, టంకం వేసి ఉన్నా సరే.

తమ్ముడు: తీసుకో. ఎస్‌ఎస్‌డీ అయినా ఊడేది చూసుకో. బోర్డు పోతే పిల్ల రాసుకున్నవన్నీ దానితోనే పోతాయి. ఊడేదైతే తీసి ఇంకోదాంట్లో పెట్టి ఫైళ్ళు తెచ్చిస్తాను, లాక్ ఉంటే దాని రికవరీ కీ మాత్రం దాచుకోవాలి. ఛార్జరు టైప్ సీది అయి ఉండాలి. 2026 ఏప్రిల్ 28 నుంచి యూరప్‌లో అమ్మే లాప్‌టాప్‌లన్నిటికీ ఆ నియమమే, మన మార్కెట్‌కీ చాలావరకు ఆ సరుకే వస్తుంది. పోయినా ఎక్కడైనా దొరుకుతుంది. మందం పదిహేను నుంచి పద్దెనిమిది మిల్లీమీటర్ల మధ్య ఉన్నవి చూడు, బరువు నీ లెక్క దాటకుండా. అలాంటివి ఉన్నాయి. ఇంకా, కొనేటప్పుడే షాపువాళ్ళని అడుగు: నాలుగేళ్ళ తర్వాత దీని అసలు బ్యాటరీ ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది? సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లో ఉందా, భాగాలు తెప్పించడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

అక్క: వాళ్ళకి జవాబు తెలియకపోతే?

తమ్ముడు: తెలియదన్న మోడల్ పక్కన పెట్టెయ్. నాకు ఫోన్ చెయ్, అది విప్పడానికి వస్తుందో రాదో చెబుతాను.

అక్క: చేస్తాను. నువ్వు విప్పలేనన్నది కూడా ఒకవేళ కిలో లోపల ఉండి, పిల్ల చేతికి నచ్చి, మూడేళ్ళ వారంటీ వస్తే మాత్రం నేను కొనేస్తాను తమ్ముడూ.

తమ్ముడు: అప్పుడు వారంటీలో నీళ్ళు పడినా, కింద పడినా చూసేది కలిపి తీసుకో. మామూలు వారంటీ వాటికి వర్తించదు.